రోహిణి కార్తెలో ఉప్పు, కార్తీకంలో వరద

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న తీరాన్ని కోస్టల్ రెగ్యులేషన్ జోన్, అంటే సీఆర్‌జెడ్ పటంలో చూస్తే, సముద్రం పక్కనే సాగే సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్ద పోటుకు నీళ్లు నేల మీద ఎంతదాకా ఎక్కుతాయో అక్కడ గీసిన గీత అది. అధికారుల మాటల్లో హై టైడ్ లైన్. తీరంలో ఇల్లు కట్టాలన్నా, లేఅవుటు వేయాలన్నా, ఆఫీసులకని అట్టిపెట్టిన స్థలాన్ని అపార్టుమెంట్లకు మార్చాలన్నా లెక్క ఇక్కడినుంచే మొదలు. గీత నుంచి నేలవైపు 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్. పల్లె తీరమైతే అందులో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడం కూడదు, ఉన్న ఇళ్లు బాగుచేసుకోవచ్చు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉండే చోట 2019 నోటిఫికేషన్ ఆ 200ను 50కి దించింది. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా సగటు 227 అని గుర్తుపెట్టుకుంటే, ఆ సడలింపు ఎంత కిక్కిరిసిన ఊళ్లకోసమో తెలుస్తుంది.

పర్యావరణ అనుమతి అనగానే చాలామందికి ఫైళ్లు, సంతకాలు, ఏళ్ల తరబడి ఆలస్యం గుర్తొస్తాయి. ఆ ఫైలు లోపల ఉన్న పనితనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు అందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒక ఎంపిక: నేలను ఏ రోజున కొలవాలి? మామూలు రోజున కొలిస్తే ఏ నేలైనా మంచిదే. అది ఎంత చెడ్డగా ఉండగలదో ఆ రోజున కొలవాలని నిబంధనలు రాసినవాళ్లు కొన్నిచోట్ల అద్భుతంగా గుర్తించారు. కొన్నిచోట్ల మరిచిపోయారు. రెండూ నెల్లూరు తీరంలో స్పష్టంగా కనిపిస్తాయి.

ముందు పటం సంగతి. స్థానిక అవసరాలకు వాడే సీఆర్‌జెడ్ పటం 1:3960 స్కేలులోగానీ, దానికి దగ్గరగా ఉన్న గ్రామ పటం స్కేలులోగానీ ఉండాలని 2011 నోటిఫికేషన్ చెప్పింది. 3960 అనే ఈ వింత అంకె వెనక మన సర్వేయర్ల చరిత్ర ఉంది. మైలుకు పదహారు అంగుళాల చొప్పున గీస్తే వచ్చే నిష్పత్తి అది. అంటే పటంలో ఒక అంగుళం నేల మీద 330 అడుగులు, సర్వే గొలుసు 66 అడుగులు కాబట్టి సరిగ్గా ఐదు గొలుసులు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం నుంచి ఊరి పటాలూ, పొలాల కొలతల పుస్తకాలైన ఎఫ్‌ఎంబీలూ గొలుసు లెక్కల మీదే నడిచాయి. సముద్రపు గీతను తెచ్చి ఆ పాత ఊరి పటం మీద కూర్చోబెట్టాలని కోరడం చాలా తెలివైన పని. ఎందుకంటే గీత ఎక్కడుందో తెలిస్తే చాలదు, అది ఏ సర్వే నంబరును కోసుకుంటూ పోతోందో తెలియాలి.

స్కేలు మారితే ఎంత తేడా వస్తుందో చూడండి. 1:25,000 పటంలో అర మిల్లీమీటరు మందాన గీసిన గీత నేల మీద పన్నెండున్నర మీటర్లు. ఒక ఇల్లూ దాని పెరడూ ఆ సిరా కిందే దాక్కుంటాయి. అదే గీత గ్రామ పటం స్కేలులో రెండు మీటర్లు. అందులో దాక్కోగలిగేది మహా అయితే ఒక అరుగు. తగాదా ఇంటి మీద ఉండాలా, అరుగు మీద ఉండాలా అన్నది గీసేవాడి పెన్సిలు ముందే తేల్చేస్తుంది.

ఇక ఆ గీత ఎక్కడ గీయాలన్నది. పున్నమి నాడు ఒడ్డున నిలబడి అల ఎంతదాకా వచ్చిందో చూసి మేకు కొట్టే పని కాదు. గాలివాటు, అల ఎత్తు, ఆ రోజు తిథి, అన్నీ కలగలిసిపోతాయి. అందుకే నేలే దాచుకున్న గుర్తులు వెతుకుతారు. ఇసుక తీరంలో అలలు ఎగదోసి పేర్చిన ఇసుక మెట్టు ఒకటి ఉంటుంది. దాని నెత్తి మీద నుంచి లోపలికి చూస్తే ఊదారంగు పూల తీగ, రావణాసురుడి మీసాలు అని మనవాళ్లు పిలిచే ముళ్ల గడ్డి మొదలవుతాయి. ఉప్పు గాలికి ఓర్చుకునే మొక్కలే అవి. అయినా తరచుగా అల వచ్చి ముంచే చోట వేరు నిలవదు. ఆ పచ్చదనం అంచు ఎన్నో ఏళ్ల పోట్లు కలిసి రాసిపెట్టిన సాక్ష్యం. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న సుస్థిర తీర నిర్వహణ జాతీయ కేంద్రం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల్లో వెతికేదీ ఈ ఇసుక మెట్టునూ, ఈ మొక్కల అంచునే. మనం ఆ మెట్టును చదునుచేసి సరుగుడు నాటితేనో, రోడ్డు వేస్తేనో గుర్తు చెరిగిపోతుంది. అప్పుడు పాత పటాలు వెతకాలి, పాలెంలో పెద్దవాళ్లను అడగాలి. తీరం తెలిసిన పనివాడికీ, కంప్యూటరు ముందు నుంచి కదలనివాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న కొలత మరొకటి ఉంది. తీరం అంటే సముద్రపు ఒడ్డు ఒక్కటే కాదు. కృష్ణపట్నం దగ్గర కండలేరు, దానికి ఎగువన ఉప్పుటేర్లు, బకింగ్‌హాం కాలువ, పెన్నా మొగ, స్వర్ణముఖి మొగ, దక్షిణాన పులికాట్. పోటుకు ఉప్పునీళ్లు వీటి గుండా మైళ్ల కొద్దీ లోపలికి వెళ్తాయి. మన తీరంలో పెద్ద పోటుకైనా నీటిమట్టం పెరిగేది మీటరు అటూ ఇటూ మాత్రమే. కానీ నేల పళ్లెంలా చదునుగా ఉంటే ఆ మీటరు చాలా దూరం పోతుంది. మరి ఏరు ఎంతవరకు సముద్రం లెక్కలోకి వస్తుంది, ఎక్కడినుంచి ఏరుగా మిగులుతుంది? దానికి నిబంధన ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: ఏడాదిలో అన్నిటికన్నా ఎండిపోయిన రోజుల్లో నీటిలో ఉప్పు వెయ్యికి ఐదు వంతులు ఉన్న చోటిదాకా.

లీటరు నీళ్లలో ఐదు గ్రాములు. సముద్రంలో ఉండేది లీటరుకు ముప్ఫై అయిదు గ్రాముల దాకా. అంటే ఏడో వంతు ఉప్పు మిగిలినా అక్కడ సముద్రం ఉన్నట్టే. కొలత కన్నా కొలిచే కాలం ఇంకా ముఖ్యం. కార్తీకంలో పెన్నా పొంగి వస్తున్నప్పుడు మొగ దగ్గర సీసా ముంచినా మంచినీళ్లే వస్తాయి. ఆ కొలతను పట్టుకుంటే తీరానికి రెండడుగుల దూరంలోనే నది మొదలైందని రాసుకోవచ్చు. రోహిణి కార్తెలో, వడగాలికి పైరు మాడేటప్పుడు, ఎగువ నుంచి చుక్క రాని రోజున వెళ్లాలి. అప్పుడు సముద్రం ఎంతదూరం ఊళ్లోకి నడిచి వచ్చిందో తెలుస్తుంది. పని తెలిసినవాడు ఇంకో జాగ్రత్త తీసుకుంటాడు. ఉప్పునీళ్లు బరువు కాబట్టి అడుగున జారుకుంటూ లోపలికి వస్తాయి, మంచినీళ్లు వాటి మీద తేలుతుంటాయి. పైనుంచి ముంచి తెచ్చిన సీసా అబద్ధం చెబుతుంది. అడుగు దాకా దించి, పోటు నిండుగా ఉన్న వేళ తీయాలి. ఏటి మొగ ఇసుక మేటతో మూసుకుపోయి ఉందేమో కూడా చూడాలి. మూసుకుపోయిన మొగ వెనక పోటు రాదు. మేట తెగిన మర్నాడు అదే చోట లెక్క మారిపోతుంది.

ఇంత చక్కటి కొలత మీద కట్టిన రక్షణను తర్వాత పలచన చేశారు. ఏర్ల వెంట 2011లో 100 మీటర్లో, ఏటి వెడల్పో, ఏది తక్కువైతే అది సీఆర్‌జెడ్‌గా ఉండేది. 2019లో 100 కాస్తా 50 అయింది. ఎండాకాలపు ఉప్పును అంత శ్రద్ధగా కొలవమన్న చేతులే గట్టు పక్క స్థలాన్ని సగానికి కోశాయి. సముద్రపు ఒడ్డునే కాదు, ఏటి గట్టున కూడా ఇళ్లు కట్టుకుంటారు. కోత పెట్టకూడని చోట పెట్టారని నా అభిప్రాయం.

గీత దాటి లోపలికి వస్తే ఇళ్ల లెక్క. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లకు తక్కువ కాని కట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. ఆ నోటిఫికేషన్‌కు జతచేసిన ఫారం 1ఎ చదివితే మొదటి ప్రశ్నే భూ వినియోగం గురించి: చుట్టుపక్కలకు పొసగని మార్పు వస్తుందా, మాస్టర్ ప్లాన్‌కు లోబడి ఉందా, మార్పిడి జరిగితే దానికి ఆమోదం ఏది? 2017లో ఏర్పడిన నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ నుంచి తెచ్చుకునే కాగితానికి ఈ ఫైల్లో చోటు అక్కడే. అయితే కాగితం జతచేసినంత మాత్రాన ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. ఆఫీసుకు అనువైన స్థలం ఇంటికి అనువైనదేనా అన్నది వేరే సంగతి. దాన్ని తేల్చేవి వెనక వచ్చే నీళ్ల ప్రశ్నలు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్ల నీళ్లు లెక్కగడుతుంది, ఇంట్లో అయితే 135. మూడింతలు. 500 ఫ్లాట్లకు ఇంటికి ఐదుగురి చొప్పున 2,500 మంది అనుకుందాం. రోజుకు 3,37,500 లీటర్లు. అంతమందే పనిచేసే ఆఫీసు భవనమైతే 1,12,500తో సరిపెట్టుకునేది, ఆదివారం అదీ ఉండదు. ఇల్లు ఆదివారం బట్టలు కూడా ఉతుకుతుంది. ఈ నీళ్లు మునిసిపాలిటీ గొట్టంలో వస్తే ఒక సంగతి. తీరపు ఇసుకలో బోరు వేసి తోడితే సంగతి పూర్తిగా వేరు.

కోడూరు, మైపాడు వైపు ఇసుక నేలలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఐరోపా ఇంజనీర్లు నూరేళ్ల కిందటే ఆ లెక్క చెప్పారు: సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలిచి ఉంటే, దాని కింద దాదాపు నలభై అడుగుల మంచినీళ్లు ఉంటాయి. ఉప్పునీళ్లు నూటికి రెండున్నర వంతులు బరువెక్కువ కావడమే కారణం. ఈ లెక్కను తిరగేసి చదవాలి. తోడి తోడి పైన ఒక అడుగు దించితే, కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి వస్తుంది. ఒక్కరోజులో రాదు, కానీ వచ్చాక తిరిగి వెళ్లడం చాలా కష్టం. భూగర్భ జలమట్టం ఎంత, తిరిగి ఇంకే శక్తి ఎంత అని ఫారం అడిగే ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. నిజాయితీగా జవాబు రాయాలంటే మాత్రం చుట్టుపక్కల బావులన్నీ మే నెలలో తిరిగి, మట్టం కొలిచి, రుచి చూసి రావాలి. మంచి మదింపు నివేదికలో నేను ముందు వెతికేది ఆ బావుల పట్టిక, దాని పక్కన వేసిన తేదీ.

బావులు ఉప్పెక్కడం నెల్లూరు తీరం ఒకసారి అనుభవించింది. 1990ల మొదట్లో రొయ్యల చెరువులు వరి మడులను మింగుతూ వచ్చినప్పుడు ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థను (నీరి) తమిళనాడు, ఆంధ్ర తీరాలకు పంపి నివేదిక తెప్పించుకుంది. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. తాగునీటి బావుల సంగతి, సాగు నేలల సంగతి ఆ తీర్పులో పేజీల కొద్దీ ఉంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. ముందే అడగవలసిన ప్రశ్నను ఆలస్యంగా అడిగితే ఎంత ఖర్చో ఈ తీరానికి తెలుసు. ఈరోజు అదే మట్టి మీద ఫ్లాట్లు కట్టదలిస్తే, పాత చెరువు గట్ల కింద ఎంత ఉప్పు ఇంకి ఉందో పరీక్షించకుండా కప్పేయడం తప్పు.

మట్టి చరిత్రను ఎంత లోతుగా చూడొచ్చో తెలియాలంటే, మనవాళ్లు వేలల్లో కాపురముంటున్న కాలిఫోర్నియాకు వెళ్లాలి. ఆఫీసు స్థలాలను అపార్టుమెంట్లుగా మార్చడం అక్కడ ఇప్పుడు పెద్ద వ్యవహారం. సిలికాన్ వ్యాలీలో చిప్పులు కడగడానికి వాడిన ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం భూమిలోకి ఇంకి, ఆవిరై ఇళ్ల నేల పగుళ్ల నుంచి పైకి వస్తుంది. ఆ వ్యాలీ ఉన్న శాంటా క్లారా కౌంటీలో ప్రభుత్వం శుద్ధికి ఎంచిన కలుషిత నేలలు, అంటే సూపర్‌ఫండ్ స్థలాలు 23, అమెరికాలో మరే కౌంటీలోనూ అన్ని లేవు. ఆఫీసుకు ఫరవాలేదన్న గాలి ఇంటికి పనికిరాదని అక్కడ ఎలా తేలుస్తారో చూడండి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ లెక్కలో ఉద్యోగి ఆ గాలి పీల్చేది రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు, 25 ఏళ్లు. ఇంట్లో ఉండేవాళ్లు 24 గంటలు, 350 రోజులు, 26 ఏళ్లు. ఏడాదికి 2,000 గంటలు ఒకవైపు, 8,400 గంటలు మరోవైపు. నాలుగింతలకు మించి తేడా. చంటిబిడ్డ, మంచం పట్టిన ముసలాయన ఆ ఇంటిని వదిలి ఎక్కడికీ పోరు కదా! కాలిఫోర్నియా 1970లో తెచ్చిన పర్యావరణ చట్టం ఇళ్లను ఆలస్యం చేస్తోందన్న మాట చాలాకాలంగా ఉంది. 2025లో ఊళ్ల మధ్య కట్టే ఇళ్లను ఆ పెద్ద మదింపు నుంచి మినహాయించారు కూడా. అయినా నేల పూర్వచరిత్ర పరిశీలన మాత్రం తప్పనిసరిగానే ఉంచారు. ఏది వదలొచ్చో, ఏది వదలకూడదో తెలిసిన చేతి పని అది.

మనకు అలాంటి తెలివి ఒకటి శబ్దం నిబంధనల్లో ఉంది. 2000 నాటి నియమాల్లో వాణిజ్య ప్రాంతానికి రాత్రి 55 డెసిబెల్స్ దాకా అనుమతి. నివాస ప్రాంతానికి 45. భూ వినియోగం మారిన రోజునే అదే రోడ్డు, అవే లారీలు నిబంధన మీరినట్టవుతాయి. పోర్టు లారీలు తిరిగే దారుల్లో ఇళ్ల ప్రతిపాదన వస్తే రాత్రి రెండు గంటలకు మీటరు పెట్టాలి. పగటి కొలత అక్కడ ఎందుకూ కొరగాదు.

ఇక మరిచిపోయిన చోటు. మదింపు నివేదికలకు మూల సమాచారం వానాకాలం కాని ఒక రుతువులో సేకరించడం వాడుక. గాలిలో దుమ్ము వానకు అణిగిపోతుంది కాబట్టి గాలి వరకు అది సరైన పద్ధతి. కానీ దేశానికంతటికీ వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. వాతావరణ శాఖ అక్టోబరు, నవంబరు, డిసెంబరులను రుతుపవనాల తరవాతి కాలం అంటుంది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా పడేది ఆ మూడు నెలల్లోనే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాన్లను ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. 2021 నవంబరులో, కార్తీక పున్నమి వెళ్లిన మర్నాడే సోమశిల జలాశయం నుంచి వచ్చిన వరదకు పెన్నా ఊళ్ల మీద పడింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగిపోయింది. ఎగువ నుంచి వరద, ఎదురుగా పోటు, రెండూ ఒకే రాత్రి కలిస్తే నీళ్లు పోవడానికి దారుండదు. ఇళ్ల ప్రతిపాదన మీద రాసే డ్రైనేజీ పేజీ ఆ రాత్రిని దృష్టిలో పెట్టుకుని రాయాలి. వేసవిలో కొలిచి, ఏటవాలు సరిపోతుందని రాసేసే నివేదికలో ఆ రాత్రి లేదు.

ఇదే వరసలో బకింగ్‌హాం కాలువ. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత బి. రామలింగేశ్వరరావు 2005లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. పెదగంజాం నుంచి చెన్నై దాకా ఈ కాలువ సునామీ నీళ్లను తనలోకి తీసుకుని, పది పదిహేను నిమిషాల్లో తిరిగి సముద్రానికి వదిలిందని, చాలామంది మత్స్యకారుల ప్రాణాలు అలా దక్కాయని రాశారు. పడవలు తిరగని కాలువ, గుర్రపు డెక్క కమ్మిన కాలువ, ఎవరికీ పట్టని కాలువ! దాని గట్టు పక్కన మట్టి నింపి ప్లాట్లు వేయాలన్న ప్రతిపాదన వస్తే, ఎంత నీటికి చోటు పోతుందో ఘనపు మీటర్లలో రాసి చూపించమని అడిగే కమిటీ సభ్యుడు ఒక్కడు ఉన్నా చాలు. గృహ నిర్మాణ ప్రాజెక్టులకు బహిరంగ విచారణ అవసరం లేదని 2006 నోటిఫికేషనే మినహాయించింది కాబట్టి, పాలెంవాళ్లు వచ్చి ఆ ప్రశ్న అడిగే వీలు లేదు. అడిగితే రాష్ట్ర నిపుణుల మదింపు కమిటీయే అడగాలి. ఈ మినహాయింపు కనీసం తీర ప్రాంతానికైనా ఎత్తివేయాలని గట్టిగా కోరుతున్నాను.

ఆ కమిటీ సమావేశాల మినిట్స్ పరివేష్ పోర్టల్‌లో ఎవరైనా చదవొచ్చు. ఒక్కో ప్రాజెక్టు కింద సభ్యులు ఏం అడిగారో, ఏ కాగితం లేదని వెనక్కి పంపారో, ఏ షరతు పెట్టారో ఉంటుంది. మురుగునీటి శుద్ధి, పైమట్టి తీసి దాచిపెట్టడం, వాన నీళ్ల గుంటలు, ఇవి దాదాపు ప్రతి ఫైలులోనూ ఒకే మూసలో వస్తాయి. వాటి మధ్య ఎక్కడో ఒకచోట ఆ నేలకే చెందిన ప్రశ్న ఉంటుంది: ఫలానా బావిలో మే నెల మట్టం ఎంత, ఫలానా వాగు నీళ్లు నవంబరులో ఎటు పోతాయి? తీరంలో ఫ్లాటు కొనాలనుకుంటున్నవాళ్లు బ్రోచరు పక్కనపెట్టి ముందు ఆ పేజీ చదవాలి. తరవాత సీఆర్‌జెడ్ పటంలో తమ సర్వే నంబరు వెతుక్కుని, గీతకు అది ఏ పక్కన ఉందో చూసుకోవాలి, నీళ్ల కొలతల కింద ఏ నెల వేసి ఉందో కూడా.